మీటియర్‌కు వెనక పెట్టె: అనంతపురంలో ఎనిమిది ఆదివారాల పని

మొదటి ఆదివారం

బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350, 2021 మోడల్. ఇంతకాలం లగేజీ అంటే వెనక సీటు మీద బ్యాగు పెట్టి బంగీ తాళ్లతో కట్టడమే. ఒక్కడినే పోతే దాంతో ఇబ్బంది లేదు. మా ఆవిడ కూడా ఎక్కిందంటే ఆ బ్యాగుకు చోటు ఉండదు, అది ఆమె ఒళ్లోకో నా ట్యాంకు మీదికో వస్తుంది. పోయినసారి బెలూం గుహలకు పోయినప్పుడు రెండు హెల్మెట్లు చేతికి తగిలించుకుని గుహంతా తిరిగాం. లోపల ఉక్క, చేతిలో హెల్మెట్లు. పైకి వచ్చాక ఆమె ఒకటే మాట అంది: "పెట్టె పెట్టిస్తేనే ఇంకోసారి వస్తా."

మా నాయన హాస్టల్‌కు మోసుకుపోయిన ఇనుప ట్రంకు పెట్టె అటక మీద ఉంది. నాకు ముందు తట్టింది అదే. ఆకుపచ్చ రంగు, మూత మీద తెల్ల పెయింటుతో ఆయన పేరు, చూడ్డానికి బండి మీద బలే ఉంటుంది. దించి కొలిచాను. 55 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 30 ఎత్తు, అంటే 66 లీటర్లు పడుతుంది. తూకం వేస్తే ఆరున్నర కిలోలు, అదీ ఖాళీ పెట్టె. మూతకు రబ్బరు లేదు, వాన పడితే నీళ్లన్నీ లోపలికే. కొక్కెం గుంతల్లో టకటకమని కొట్టుకుంటుంది. అంచులు కత్తిలాగా ఉన్నాయి, సడన్ బ్రేక్ వేస్తే వెనక కూర్చున్న మనిషి వీపుకు అవి తగులుతాయి. "నా పెట్టె జోలికి పోవద్దు" అని నాయన కూడా అనేసరికి దాన్ని మళ్లీ అటకెక్కించాను.

అల్యూమినియం రేకుతో సొంతంగా చేయిస్తే ఎట్లా ఉంటుందని కూడా లెక్క వేశాను. అదే సైజులో ఒకటిన్నర మిల్లీమీటర్ల రేకు వాడితే రేకు ఒక్కటే నాలుగు కిలోల పైన వస్తుంది, కీళ్లు, తాళం, రబ్బరు వేరే. అల్యూమినియం అతికే చెయ్యి దొరకడం ఇంకో కత. చివరికి 45 లీటర్ల ప్లాస్టిక్ పెట్టె కొందామని, కింద క్యారియర్ మాత్రం సొంతంగా కట్టించుకుందామని తేల్చుకున్నాను. రెడీమేడ్ క్యారియర్లు దొరక్క కాదు. నేను చూసినవి పెట్టెను మరీ వెనక్కి, మరీ పైకి తీసుకుపోతున్నాయి. అది ఎందుకు మంచిది కాదో అప్పటికి నాకు సగమే తెలుసు.

రెండో ఆదివారం

పెట్టె వచ్చింది, 4,500 రూపాయలు. కింద ప్లేటుతో కలిపి 4.6 కిలోలు. మూత లోపల స్టిక్కరు మీద 6 కిలోలకు మించి వద్దని రాసి ఉంది. చదవగానే మోసపోయానేమో అనిపించింది, 45 లీటర్ల పెట్టెలో ఆరు కిలోలేంటి? తర్వాత ఇటలీ కంపెనీ గివి వాళ్ల లెక్కలు చూశాను. వాళ్ల మోనోలాక్ పెట్టెలకు మోడల్‌ను బట్టి మూడు నుంచి ఆరు కిలోలే, పెద్ద మోనోకీ పెట్టెలకు పది కిలోలు. స్పీడు కూడా 120 దాటొద్దంటారు. అంటే పెట్టె సైజు హెల్మెట్లు, రెయిన్‌కోట్లు, బట్టల్లాంటి ఉబ్బు సామాన్ల కోసం. బరువు మోయడానికి కాదు. టూల్ కిట్టు, నీళ్ల బాటిళ్లు, పంక్చర్ పంపు లాంటివి ముందుకో కిందికో పోవాల్సిందే.

మధ్యాహ్నం కొలతలు. బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి, మేస్త్రీలు గోడ నిలువు చూసుకోడానికి వేలాడేసే గుండు ఉంటుంది కదా, దాన్ని సీటు పక్క నుంచి వదిలి, వెనక చక్రం ఇరుసు ఎక్కడుందో సీటు మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టాను. ఆ గీతకు వెనక ఎంత పోతే అంత చెడ్డది. తక్కెడ లాంటిదే, ఇరుసుకు వెనక పెట్టిన ప్రతి కిలో ముందు చక్రాన్ని కొంచెం పైకి లేపుతుంది. మీటియర్ రెండు చక్రాల మధ్య దూరం 1,400 మిల్లీమీటర్లు. క్యారియర్, పెట్టె, సామాను కలిపి 15 కిలోలు అనుకుని, వాటి నడిమధ్య ఇరుసుకు 36 సెంటీమీటర్ల వెనక పడితే, 15ను 36తో గుణించి 140తో భాగిస్తే 3.86. అంటే ముందు చక్రం మీద దాదాపు నాలుగు కిలోలు తగ్గుతాయి.

నాలుగు కిలోలే కదా అనుకుని అట్టముక్కతో నమూనా కోశాను. ఈ "కదా" నన్ను తర్వాత బాగా తిప్పింది.

మూడో ఆదివారం

గుత్తి రోడ్డు వైపు వెల్డింగ్ షాపు. ఆ అన్న మామూలుగా గేట్లు, కిటికీ గ్రిల్లులు చేస్తాడు, ట్రాక్టర్ ట్రాలీలు కూడా చేస్తాడు కాబట్టి గుంతల దెబ్బ ఎట్లా ఉంటుందో ఆయనకు తెలుసు. నా అట్టముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమన్నా, ఇంత పెట్టె పెట్టుకోని యాడికి పోతావు, కాశీకా?" అన్నాడు.

పైపు 19 మిల్లీమీటర్ల గుండ్రటిది, గోడ మందం 2. మీటరుకు 800 గ్రాముల పైన తూగుతుంది. మూడు మీటర్లు పట్టింది, పెట్టె ప్లేటు కూర్చునే పట్టీలు 4 మిల్లీమీటర్ల మందంవి. మొత్తం క్యారియర్ 3.4 కిలోలు.

అక్కడ ఒక్క విషయంలో గొడవ పడ్డాం. ఆయన బండి మీదనే పైపులు ఆనించి టాకులు, అంటే ముందుగా పట్టి ఉంచే చిన్న చిన్న అతుకులు, వేస్తానన్నాడు. "బండి మీద పెట్టి ఏస్తేనే లెక్క కరెక్టుగా వస్తాదన్నా. వెయ్యి బండ్లకు ఏసినా, ఏం గాదు." పాత కార్బ్యురేటర్ బండి అయితే నేనూ సరే అనేవాడినేమో. ఇందులో ఫ్యూయెల్ ఇంజెక్షన్, ఏబీఎస్, వాటికి కంప్యూటర్లు ఉన్నాయి. వెల్డింగ్ కరెంటు ఎర్త్ వెతుక్కుంటూ ఆ వైర్లలోంచో, చక్రాల బేరింగుల్లోంచో పోయిందంటే ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? అందుకే ప్లైవుడ్ చెక్క మీద బోల్టు రంధ్రాలు గుర్తించి, దాని మీదనే క్యారియర్ టాక్ చేయించి, బండికి పెట్టి చూసి, మళ్లీ దించి ఫుల్ వెల్డింగ్ చేయించాను. మూడుసార్లు ఎక్కించడం దించడం. ఆయనకు విసుగొచ్చింది. రెండుసార్లు టీ తెప్పించాను, తగ్గాడు.

ఫ్రేముకు ఒక్క టాకు కూడా వేయించలేదు, అంతా బోల్టులే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలు మారిపోయేట్టు బండిని మార్చకూడదు. బోల్టు విప్పితే బండి పాత రూపానికి రావాలి, నంబరు ప్లేటు, వెనక లైటు, ఇండికేటర్లు ఏ కోణంలోనూ మూసుకుపోకూడదు. ఈ రెండు గీతలూ దాటకూడదనుకున్నాను.

కూలీ, పైపు కలిపి 1,800.

నాలుగో ఆదివారం

గ్రాబ్ రెయిల్ (వెనక కూర్చున్నవాళ్లు పట్టుకునే కడ్డీ) బోల్టులు తీసి, క్యారియర్ మందం కలిసినందుకు ఇంకొంచెం పొడవు బోల్టులు వేశాను. ఇక్కడ చౌక చేయొద్దు. హార్డ్‌వేర్ షాపులో తల మీద ఏ అంకే లేని మెత్త బోల్టులు ముందు పెడతారు. తల మీద 8.8 అని ఉన్నవే అడిగి తీసుకోండి. నట్లు నైలాక్‌వి, అంటే వదులు కాకుండా లోపల నైలాన్ రింగు ఉండేవి. నట్టు బిగించాక రెండు మూడు మరలు బయటికి కనిపించాలి. మొదట నేను తెచ్చిన బోల్టు నైలాన్ రింగు దాకా కూడా రాలేదు, మళ్లీ షాపుకు పోయి మార్చుకుని వచ్చాను.

పెట్టెలో ఆరు కిలోల శెనగ్గింజల సంచి వేసి సాయంత్రం పెనుకొండ దాకా పోయి వచ్చాను. సంచి కదలకుండా చుట్టూ పాత దుప్పటి. అనంతపురం దాటి రాప్తాడు, మరూరు టోల్ గేటు వరకు బండి బాగానే ఉంది. ఇది జులై. మా వైపు జులై గాలి ఎట్లా ఉంటుందో రామగిరి కొండల మీద గాలిమరలు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. 44వ నంబరు హైవే మీద దక్షిణానికి పోతుంటే పడమటి గాలి కుడివైపు నుంచి నేరుగా కొడుతుంది. మామూలుగా అయితే ఒళ్లు కొంచెం వంచి పోతాం. ఇప్పుడు వెనక ఇంత అట్టపెట్టె లాంటిది నిలబడి ఉంది, గాలి దాన్ని పట్టి లాగుతుంది, లారీ పక్కకొచ్చి గాలి ఆగినప్పుడు ఒక్కసారి వదిలేస్తుంది. 85 దాటాక హ్యాండిల్ తేలిగ్గా, చేతిలో లేనట్టు అనిపించింది. వెనక భాగం తోక ఊపుతున్నట్టు మెల్లగా అటూ ఇటూ. భయపడి బ్రేక్ వేయలేదు, యాక్సిలరేటర్ మెల్లగా వదిలితే 75 దగ్గర సర్దుకుంది. నిజం చెప్పాలంటే టెన్షన్‌తో చెమటలు పట్టాయి. పెనుకొండ వరకు 70 దాటలేదు.

ఇంటికొచ్చి ఏమీ చెప్పకుండా భోంచేశాను. ఇలాంటివి చెప్తే ప్రాజెక్టు ఆ రాత్రికే ఆగిపోతుంది.

ఆ వారం రాత్రుళ్లు

మనుషులు బరువు చూసుకునే డిజిటల్ మిషన్ ఒకటి ఇంట్లో ఉంది, 150 కిలోల దాకా చూపిస్తుంది. ముందు చక్రం దాని మీద, వెనక చక్రం అదే మందమున్న చెక్క మీద (ఇది మర్చిపోతే లెక్క తప్పుతుంది), బండిని నిలువుగా పట్టుకోడానికి తమ్ముడు. పెట్టె లేకుండా 88 కిలోలు. పెట్టె, శెనగ్గింజలతో 84. కాగితం మీది లెక్కే మిషన్ మీద కనిపించేసరికి, చదువుకున్నది వృథా కాలేదన్న సంతోషం ఒకవైపు, నేనే కదా ఇట్లా కట్టించానన్న ఏడుపు ఒకవైపు.

వెనక షాకులకు ఆరు మెట్ల సర్దుబాటు ఉంది. నాది ఒకటో మెట్టు మీద ఉండిపోయింది, బండి కొన్నప్పటి నుంచి ముట్టలేదు. రెండూ మూడో మెట్టుకు తిప్పాను. రెండు పక్కలా ఒకే మెట్టు ఉండాలి, లెక్కపెట్టుకుంటూ తిప్పాలి. వెనక టైరు గాలి ఇద్దరు ఎక్కినప్పటికి మాన్యువల్‌లో ఇచ్చినంత పెట్టాను. ఊగుడు సగం తగ్గింది. మిగతా సగం పెట్టె ఉన్న చోటుది, దానికి షాకులేం చేస్తాయి?

ఐదో ఆదివారం

క్యారియర్ మళ్లీ కోయించాలని తెలుసు. కానీ మా ఆవిడకు గండికోట మాటిచ్చి ఉన్నాను, సెలవు ఆరోజే. పెట్టెలో బట్టలు, రెయిన్‌కోట్లు మాత్రం పెట్టి, 70 దాటకుండా తాడిపత్రి మీదుగా పోయాం. బండల లారీలు, సిమెంటు లారీలు తిరిగే రోడ్డు, కొన్నిచోట్ల తారు ఉందో లేదో తెలియదు. గండికోటలో పెన్న లోయ అంచున కూర్చుని ఉగ్గాని పొట్లం విప్పాం, రెండు హెల్మెట్లూ ఎవరి చేతుల్లోనూ లేవు. ఒకటి పెట్టెలో, ఇంకొకటి పెట్టె తాళానికి వేలాడుతూ. "ఇప్పుడు బాగుంది" అంది. వీపు ఆనించుకోడానికి కూడా పెట్టె పనికొస్తోందంట.

తిరిగొచ్చి కడుగుతుంటే కనిపించింది. ఎడమ పైపు పట్టీని కలిసే చోట, వెల్డింగ్ పక్కనే, పైభాగంలో వెంట్రుకంత గీత. మొదట పెయింటు గీరుకుందనుకున్నాను, గోరుతో గీకితే గోరు పట్టుకుంది. పగులు.

తప్పు వెల్డింగ్ చేసిన అన్నది కాదు, అతుకు గట్టిగానే ఉంది. తప్పు నా డిజైన్‌ది. రెండు పైపులు ముందు బోల్టుల దగ్గర పట్టుకుని వెనక గాల్లో నిలబడ్డాయి, కింద ఏ ఆధారమూ లేదు. గుంతలో పడ్డప్పుడు 15 కిలోలు 15గా ఉండవు, నాలుగైదింతలై కిందికి గుద్దుతాయి. అట్లా గుద్దినప్పుడల్లా పైపు పైభాగం సాగుతుంది. వెల్డింగ్ వేడికి ఇనుము గుణం మారిన చోటు అతుకు పక్కనే ఉంటుంది కాబట్టి పగులు అక్కడే మొదలవుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచి తెంచుతాం చూడండి, అదే పని మెల్లగా జరిగింది. ఇంకో రెండు ట్రిప్పులు పోయి ఉంటే హైవే మీద పెట్టె రాలిపోయేది. వెనక ఎవరన్నా వస్తుంటే?

ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

ఆరో ఆదివారం

పగులు చూపిస్తే వెల్డింగ్ అన్న, "నేను సపోర్టు పెడదామంటే నువ్వే కదన్నా, బండి అందం పోతాదంటివి" అన్నాడు. అన్నాను, నిజమే.

పగులు మీద ఇంకో పొర వెల్డింగ్ వేయించలేదు, ఆ పైపులు మొత్తం తీసేశాం. కొత్త దాంట్లో రెండు మార్పులు. ఒకటి, పెట్టెను 14 సెంటీమీటర్లు ముందుకు జరిపాం. దాని నడుమ ఇప్పుడు ఇరుసుకు 22 సెంటీమీటర్ల వెనక. అంతకంటే ముందుకు జరిపితే మా ఆవిడకు కూర్చునే చోటు ఉండదు. ఆమెను తీసుకొచ్చి, కూర్చోబెట్టి, చీర కట్టుకున్నా డ్రెస్ వేసుకున్నా కాలు వెనక నుంచి తిప్పి ఎక్కడానికి పెట్టె అడ్డం వస్తుందా అని చూశాకే గుర్తు పెట్టాం. వస్తుంది. ఆమె ముందు ఎక్కి నేను తర్వాత ఎక్కడం కుదరదు, ఇప్పుడు నేనే ముందు కూర్చుని బండి గట్టిగా పట్టుకుంటే, ఆమె ఎడమవైపు ఫుట్‌రెస్టు మీద నిలబడి ఎక్కుతుంది.

రెండోది, రెండు పక్కలా కిందికి సపోర్టు పైపులు, వెనక షాకు పై బోల్టు దగ్గర 4 మిల్లీమీటర్ల చెవి పట్టీతో. పక్క నుంచి చూస్తే త్రికోణం. చెవి పట్టీ మందం వల్ల నట్టుకు మరలు తగ్గుతాయేమోనని ముందే చూసుకున్నాను, రెండు మరలు బయటికి వచ్చాయి, చాలు. చక్రం పైకి లేచినప్పుడు పైపుకు ఏదీ తగలకూడదు, అందుకు తమ్ముడిని, వాడి ఫ్రెండుని ఇద్దరినీ వెనక ఎక్కించి కుదిపి చూశాను. అతుకుల దగ్గర చిన్న చిన్న మూల పట్టీలు కూడా వేశాం. బరువు 3.9 కిలోలైంది. అర కిలో ఎక్కువైనా ఇప్పుడు పెట్టెను పట్టుకుని ఊపితే బండంతా ఊగుతుంది, క్యారియర్ ఒక్కటే ఊగదు. ఇంతకుముందు అది ఒక్కటే ఊగేది. దీన్ని పరీక్ష అని కూడా అనలేం గానీ, అర నిమిషంలో చాలా చెప్తుంది, మీ క్యారియర్‌ను ఒకసారి ఇట్లా ఊపి చూడండి.

మిషన్ మీద పెడితే ముందు చక్రం 85.5.

ఏడో ఆదివారం

రంగు. పౌడర్ కోటింగ్‌కు 600. బోల్టు కూర్చునే చోట్ల టేపు వేసి పంపాలని నేను చెప్పాను, వాళ్లు వేయలేదు. మందంగా రంగు ఉన్నచోట బోల్టు బిగిస్తే ఆ రంగు నలిగి, కొన్నాళ్లకు బిగువు పోతుంది. గంటసేపు ఫైలుతో గీకాను.

లైటు పని గురించి చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. పెట్టె వెనక చిన్న ఎల్ఈడీ బ్రేక్ లైటు పెడదామని, సీటు కింద వైరు లాగి, రెండు పిన్నుల కప్లర్ పెట్టి, పెట్టె తీసినప్పుడు ఊడేట్టు ఏర్పాటు చేశాను. సీటు బిగించి బ్రేక్ నొక్కితే వెలిగింది. సప్తగిరి సర్కిల్ దాకా పోయేసరికి హారన్ లేదు, బ్రేక్ లైటు లేదు. సీటు కింద ఇనుము అంచుకు వైరు నలిగి ఫ్యూజు పోయింది. రోడ్డు పక్కన బండి ఆపి స్పేర్ ఫ్యూజు వేసి, నా వైరు పీకేసి ఇంటికొచ్చాను. ఇప్పటికి పెట్టె వెనక ఎర్రగా మెరిసే రిఫ్లెక్టర్ టేపు ఉంది. దానికి కరెంటు అక్కర్లేదు.

ఎనిమిదో ఆదివారం, తర్వాత

మళ్లీ అదే శెనగ్గింజల సంచి, అదే పెనుకొండ రోడ్డు, అదే గాలి. గాలి తోయడం పోలేదు, పెట్టె ఉన్నంతకాలం పోదు కూడా, నిలబడ్డ అడ్డం అది. కానీ హ్యాండిల్ చేతిలోనే ఉంది, తోక ఊపడం లేదు. 90 దాకా పోయి చూశాను, ఆ తర్వాత వద్దనుకున్నాను. ఇద్దరం ఉన్నప్పుడు 80 మీద ఉంటాం. గాలి రోజుల్లో ఇంకా తక్కువ.

తర్వాత కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానుకు ఒకసారి, కర్నూలుకు ఒకసారి పోయాం. మొత్తం 1,100 కిలోమీటర్లు. మొదటి వంద తర్వాత బోల్టులన్నీ పాన పెట్టి చూశాను, రెండు కొంచెం తిరిగాయి. బిగించి, నట్టు మీద నుంచి పట్టీ మీదికి తెల్ల మార్కర్‌తో గీత గీశాను, ఇప్పుడు గీత కలిసి ఉందా లేదా చూస్తే చాలు. మిగిలింది ఒక్క చప్పుడు, పెట్టె ఖాళీగా ఉన్నప్పుడు గుంతల్లో ప్లేటు మీద టప్ అంటోంది. పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి పెట్టాను, తగ్గింది, పోలేదు.

నిన్న ఊరి నుంచి శెనక్కాయలు తెచ్చుకోడానికి పోతే నాయన సంచి నింపి పెట్టాడు. నేను తక్కెడ తెప్పించి ఆరు కిలోలకు ఆపాను. "ఇంత పెద్ద డిక్కీ పెట్టుకోని, ఇంకో రెండు కేజీలు పట్టవా?" అన్నాడు. స్టిక్కరు చూపించాను. చదివి, సంచి తీసుకుని లోపలికి పోయి, ఆ రెండు కేజీలు వేరే కవర్లో కట్టి నా ట్యాంకు మీద పెట్టాడు.